పశువైద్యుల సంపాదన: అపోహలు – వాస్తవాలు

ఖాజీపేట మొదలుకొని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వఱకు గొఱ్ఱెల మందయో పాడిగేదెయో లేని పల్లె అరుదు. ప్రొద్దుటూరున 2008లో పశువైద్య కళాశాల వెలసినది మొదలు, ఆ విద్య నభ్యసించినవానికి నెలకెంత వచ్చునను ప్రశ్న తల్లిదండ్రుల నోట తఱచుగా వినబడుచున్నది. దానికి దొరకు ప్రత్యుత్తరములలో ఊహయే అధికము.

అపోహ: పశువులకు సూది వేయువారందఱును ఒకే జీతము గల డాక్టర్లు.

వాస్తవం: ఊరివారు డాక్టరని పిలుచు వ్యక్తి పెక్కుచోట్ల డిప్లొమా చదివిన పశుసంవర్ధక సహాయకుడు. 2023లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము అట్టి 1,896 కొలువులకు ప్రకటన వెలువరించినపుడు వేతనశ్రేణి రూ. 22,460–72,810, అదియును మొదటి రెండేండ్లు నెలకు రూ. 15,000 మాత్రమే యిచ్చిన పిమ్మట. ఇంటర్న్‌షిప్‌తో కూడ అయిదున్నరేండ్లు చదివి, పశువైద్య మండలిలో పేరు నమోదు చేయించుకొన్న పట్టభద్రునికి, 2022 నాటి తెలంగాణ ప్రకటన ననుసరించి, శ్రేణి రూ. 54,220–1,33,630, భత్యములు దీనికి అదనము.

అపోహ: పశువుల ఆసుపత్రిలో కొలువు దొరకనిచో ఈ చదువు వ్యర్థము.

వాస్తవం: సైన్యమునందలి అశ్వ, పశువైద్య దళమున కెప్టెన్‌గా చేరువానికి మూలవేతనము రూ. 61,300, సైనిక సేవా భత్యము రూ. 15,500, ఆపై ప్రైవేటు ప్రాక్టీసు మానినందులకు మూలవేతనములో నూటికిరువది వంతుల భత్యము. యు.జి.సి. శ్రేణిలో సహాయాచార్యుని మూలవేతనము రూ. 57,700తో మొదలగును. కోళ్ల పరిశ్రమ, దాణా, టీకా మందుల కంపెనీలు, బ్యాంకుల వ్యవసాయాధికారి పదవులు వేఱుగా నున్నవి.

అపోహ: సొంతముగా వైద్యశాల తెఱచిన డబ్బే డబ్బు.

వాస్తవం: పల్లెలో రుసుమునకు హద్దు గీయునది వైద్యుని నేర్పు కాదు, జీవాల వెల. మేక ధరను మించిన వైద్యమును కాపరి చేయింపజాలడు. గేదె ఈనలేక అవస్థపడునపుడు అర్ధరాత్రియైనను కబురంపువాడే, చిన్న జబ్బులకు ఉచిత చికిత్స దొరకు ప్రభుత్వ వైద్యశాలకు పోవును, లేదా 1962 సంఖ్యకు ఫోను చేసి సంచార వాహనమును రప్పించును. నగరమున కుక్కను బిడ్డవలె పెంచువారు వెల చూడక ఖర్చు పెట్టుదురన్నది నిజమే. కాని గది అద్దె, ఎక్స్‌రే యంత్రపు కంతులు, సహాయకుల జీతములు పోగా మిగిలినదే వైద్యుని సంపాదన.

కావున కుమారునో కుమార్తెనో ఈ విద్యకు పంపదలచినవారు, జీతమిచ్చునది ప్రభుత్వమా, కంపెనీయా, మంద కాపరియా యని ముందుగా విచారించుట మేలు. పట్టా ఒక్కటియే యైనను ఆదాయము ఆ ముగ్గురి చేతులలో మూడు తీరుల మారును.