పువ్వు వేళకు మనము

సూర్యాపేటలో మా పెరటిగోడ మీదికి ప్రాకిన గుమ్మడితీగ వేకువజామున పువ్వు విచ్చి, ఎండ ముదురుటతోడనే దానిని ముడుచుకొనునని నాకు తెలియుటకు చేతికొక కెమెరా రావలసివచ్చినది. చిన్ననాటినుండి ఆ తీగల నడుమనే తిరిగినవాడను, ఆ కాయ పులుసు తిన్నవాడను, ఆ పువ్వును ఇంటి ఆడపడుచులు బతుకమ్మలో పేర్చుచుండగా చూచినవాడను; అయినను అది ఏ వేళకు విచ్చి ఏ వేళకు వాడునో ఒక్కనాడైనను నిలిచి చూడలేదు. మొదటి ఆదివారము తొమ్మిదిన్నరకు తీగ కడకు పోవునప్పటికి పువ్వు సగము ముడుచుకొని యుండెను. మరునాడు ఆరు గంటలకే పోయితిని. పెరటి మొక్కలను దగ్గరగా ఫోటో తీయగోరువారికి లెన్సుల సంగతికంటె ముందుగా చెప్పవలసినది ఇదియే: పువ్వు మన వేళకు రాదు, మనమే దాని వేళకు పోవలెను.

వేసవిలో 45 డిగ్రీలదాక పోవు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల ఎండ మొక్కకే గాక ఫోటోకును గడ్డుదే. మిట్టమధ్యాహ్నపు వెలుగున ఎఱ్ఱమందారపు రేకులమీది సన్నని ఈనెలన్నియు కరగిపోయి ఒక ఎఱ్ఱని మరక మాత్రమే మిగులును. నందివర్ధనమైనచో సున్నపుముద్దవలె నుండును. ఉదయము సూర్యుడు గోడ దాటి రాకమునుపటి అరగంట, సాయంకాలము నీడ పెరటినంతను కప్పిన తరువాతి అరగంట, వానకాలపు మబ్బుపగళ్లు మనకు దొరకు మంచి వేళలు. తప్పక ఎండలోనే తీయవలసివచ్చినచో, ఉతికిన తెల్లపంచె నొకదానిని మొక్కకును సూర్యునికిని నడుమ చాచి పట్టించి, నీడపడిన ప్రక్కన ఒక థర్మాకోలు అట్టను ఆనించినయెడల, పంచె ఎండను జల్లెడపట్టును, అట్ట వెలుగును తిరుగగొట్టి నీడలను పలుచబరచును. దుకాణములో కొను పరికరములు చేయు పనియు ఇంతియే.

వేకువన లేచినవానికి మరియొక లాభము గలదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలిన తరువాత ఎడమకాలువ క్రింద వరి విస్తరించి, మిర్యాలగూడ బియ్యపుమిల్లుల ఊరుగా పేరు పొందినది. అక్కడి మడిగట్టున తెల్లవారి నిలిచి చూచినచో, వరి ఆకుల కొనకొనకును ఒక్కొక్క నీటిబొట్టు తళతళలాడుచుండును. దానిని మనము మంచు అందుము. కాని కొనలయందు నిలిచిన ఆ బొట్లు చాలవరకు గాలినుండి దిగిన మంచు కావు. వేళ్లు పీల్చిన నీరు, రాత్రి చల్లదనమున ఆవిరియై పోలేక, ఆకుకొనలయందలి సూక్ష్మరంధ్రముల గుండ వెలికి వచ్చి నిలిచినదే ఆ బొట్టు. మంచు ఆకంతటను నూగువలె పరచుకొనును. ఈ బొట్లు మాత్రము కొనలను, అంచులను వెదకికొని వరుసతీరి నిలుచును. పెరటిలోని టమాటా ఆకు అంచున, చేమాకు కొనన ఇదే చూడవచ్చును. కంటికి ఒకటిగా తోచు ఈ రెండు నీళ్ల భేదము నాకు ఫోటోను పెద్దది చేసి చూచినప్పుడు మాత్రమే తెలిసినది. ఇంకొక వింత: బొట్టు వెనుక రెండంగుళముల దూరమున బంతిపువ్వు ఉన్నయెడల, ఆ బొట్టే ఒక లెన్సుయై పువ్వును తలక్రిందులుగా తనలో చూపును. అప్పుడు ఫోకస్ బొట్టు అంచుపైన గాక, లోపలి పూవు బింబముపైన నిలుపవలెను. అది చిక్కిన ఉదయము ఇక కాఫీ జ్ఞాపకమునకు రాదు.

మాక్రో లెన్సు అనగా వస్తువు ఎంత యున్నదో అంత పరిమాణమున దాని బింబమును కెమెరాలోని సెన్సరుపై పడవేయగల లెన్సు. సెన్సరు వెడల్పు 36 మిల్లీమీటర్లైనచో, అంతే వెడల్పుగల చిన్నపువ్వు ఫోటోను ఈ కొననుండి ఆ కొనకు నింపును. ఇంత దగ్గరకు పోయినవారికి ఎదురగు చిక్కు లోతు. అట్టి కెమెరాలో, లెన్సులో వెలుగు చొచ్చు రంధ్రమగు అపర్చరును ఎఫ్ 8 వద్ద ఉంచినను, స్పష్టముగా కనబడు మందము సుమారు ఒక మిల్లీమీటరే. దానికి ముందున్నదియు వెనుకనున్నదియు మసకలో కలసిపోవును. అపర్చరును ఇంకను మూసిన లోతు పెరుగును గాని, వెలుగు తగ్గి షట్టరు మందగించును; అంతలో గాలి వీచును. అసలే లెన్సు దగ్గరి వస్తువును పట్టుటకు సెన్సరునకు రెండింతల దూరము జరుగుటచేత, వెలుగు నాలుగింతల మేర పరచుకొని నాల్గవవంతునకు పలుచనై యుండును.

దీనికి మందు పరికరములో కంటె మన నిలుకడలో ఎక్కువగా నున్నది. మందారమును చూడుడు. దాని నడుమ కేసరములన్నియు ఒకే స్తంభముగా కలసి బయటికి సాగును; ఆ స్తంభము గుండ వచ్చిన కీలము చివర అయిదు ఎఱ్ఱని కీలాగ్రములుగా చీలియుండును. ఎదురుగా నిలిచి తీసినచో ఆ అయిదు బొడిపెలు స్పష్టమై, మిగిలిన పువ్వంతయు రంగుపొగగా మారును. అదే పువ్వునకు ప్రక్కగా కూర్చుండి, స్తంభమునకు సమాంతరముగా కెమెరాను పట్టినచో, ఆ మిల్లీమీటరు మందములోనే స్తంభమంతయు ఒదిగి, పుప్పొడి రేణువులు చక్కెరపలుకులవలె ఒక్కొక్కటిగా లెక్కకు వచ్చును. పిదప ఫోకస్ చక్రమును త్రిప్పరాదు. దానిని ఒకచోట నిలిపి, ఊపిరి బిగబట్టి, నడుమును వెండ్రుకవాసి ముందుకు వెనుకకు జరుపుచు, స్పష్టత పువ్వుమీదికి వచ్చిన క్షణమున మీట నొక్కవలెను. కాడ ఊగుచున్నచో ప్రక్కన ఒక పుల్ల గ్రుచ్చి, బట్టల క్లిప్పుతో మెల్లగా పట్టించిన చాలును.

సెల్‌ఫోను మాత్రమే యున్నవారు అంత మాత్రమున వెనుదీయనక్కరలేదు. ఫోన్లలో ప్రధానమైన కెమెరా మరీ దగ్గరకు పోయిన మసకబారును గనుక, జానెడు వెనుకకు జరిగి రెండింతలుగా పెంచి తీయుట మేలు. తెరమీద వ్రేలుంచి కొంతసేపు అదిమిపట్టినచో అనేక ఫోన్లలో ఫోకస్ అక్కడనే నిలిచిపోవును. పాత కెమెరా యున్నవారు 50 మిల్లీమీటర్ల మామూలు లెన్సునే ఒక రింగు సాయమున ముందువెనుకలు మార్చి తగిలించినచో చౌకలో మాక్రో లెన్సు పని జరుగును.

మొక్కను ఇంత దగ్గరగా చూడగోరు ఆసక్తి మన తెలుగునేలకు క్రొత్తది కాదు. కుంఫిణీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో తోట వేసి, ఇక్కడి చిత్రకారులను కూర్చుండబెట్టి, మొక్కలను వేరునుండి పువ్వుదాక, విడివిడి కేసరములతో సహా చిత్రింపజేసెను. ఆ చిత్రములలో 300 ఏరి, కోరమండలు తీరపు మొక్కలపై మూడు సంపుటముల గ్రంథముగా 1795 మొదలు 1820 వరకు లండనులో ప్రచురించిరి. అందు మొక్కలకు తెలుగు పేర్లును చేర్చిరి. గ్రంథముమీద వైద్యుని పేరు నిలిచినది. పువ్వు ముందు గంటలకొలది కూర్చున్న ఆ చిత్రకారుల పేర్లు గ్రంథమునకు ఎక్కలేదు. ఆ సంగతి తలచినప్పుడెల్ల నా మనస్సు కలుక్కుమనును. తరువాత జర్మనీలో కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ అను శిల్పవిద్య ఉపాధ్యాయుడు విద్యార్థులకు రూపరచన నేర్పుటకై, తానే కూర్చుకొన్న కెమెరాతో మొగ్గలను, నులితీగలను ఎన్నో రెట్లు పెంచి ఫోటోలు తీసెను. 1928లో అవి పుస్తకమై వచ్చినప్పుడు లోకము విస్తుపోయినది. ఆయన ఎక్కువగా ఎంచుకొన్నవి తోటపూలు కావు, దారిప్రక్కల కలుపుమొక్కలు.

ఆ మాట విన్నది మొదలు నేను కుండీలలోని గులాబీలకంటె, కోదాడ దారిలో విజయవాడ రహదారికి ఇరువైపుల పూచు తంగేడును ఎక్కువగా చూచుచున్నాను. మా పెరటి మూలను తానై మొలచిన తంగేడొకటి గలదు. తెలంగాణకు రాష్ట్రపుష్పమైనను అది దగ్గరనుండి ఎట్లుండునో చూచినవారు తక్కువ. అయిదు పసుపురేకుల నడుమ పది కేసరములు గలవు గాని అన్నియు ఒక్కటి కావు: కొన్ని పొట్టివి, కొన్ని కొడవలివలె వంగిన పొడవైనవి. వాని పుప్పొడి చీలికనుండి రాలదు, కొనలయందలి రంధ్రముల గుండ రావలెను. అందుచేత నల్లని తుమ్మెద వచ్చి కేసరములను కౌగిలించి, ఝుమ్మని ఒడలు వణికించి, ఉప్పు రాల్చినట్లు పుప్పొడిని రాల్చుకొనును. ఆ వణుకు ఫోటోలో మసకగానే దిగును. ఆ మసకను నేను చెరిపివేయను, అదియే అక్కడ జరుగుచున్న పని.

గుమ్మడి విషయమున నాకు గురువు పొరుగింటి పెద్దమ్మ. ఆనాడు ఆరు గంటలకు నేను తీగ ముందు మోకాళ్లపై కూర్చుండగా గోడమీదినుండి చూచి, “పొద్దుగాల్నే ఏం జేస్తున్నవ్ బిడ్డా?” అని అడిగినది.

“ఫోటో తీస్తున్న పెద్దమ్మా.”

“గది మొగపువ్వు బిడ్డా, గదానికి కాయ పడది. అగో, ఆకు కింద సూడు, పువ్వు ఎన్క పిందె ఉన్నదే, గది ఆడపువ్వు. మేము బతుకమ్మకు మొగపువ్వులే తెంపుతం.”

ఆకు ఎత్తి చూచితిని. ఉసిరికాయంత పిందె, దానిమీద ఇంకను మంచుతడి, లేతనూగు. ఆ ఉదయపు ఫోటోలలో నేను దాచుకొన్నది అదొక్కటే. సాయంకాలము పెద్దమ్మకు తెరమీద చూపితిని. ఆమె కొంగుతో అద్దము తుడిచి, దగ్గరగా పెట్టుకొని చాలసేపు చూచి, “మా బీరపాదు పొద్దుగూకంగ పూస్తది, అద్గాడికి రా” అన్నది. అప్పటికి అయిదున్నర యగుచుండెను. కెమెరా తీసికొని ఆమె వెంట పోయితిని.