పరకాయ ప్రవేశము: పాత కారు, కొత్త ఇంజను

శంకర భగవత్పాదులు అమరుక మహారాజు దేహములో ప్రవేశించిన కథ మన పిల్లలకు సైతము తెలిసినదే. చనిపోయిన రాజు లేచి కూర్చున్నాడు, పరిజనము సంతోషించినది. కాని రాజుగారి మాటలోను, నడతలోను కొత్తదనము చూచి మంత్రులు కొద్ది దినములలోనే పసిగట్టినారు. శరీరము పాతదే, లోపల ఉన్నవాడు వేరు!

ఆ విద్యకు ఇప్పుడు మంత్రములతో పని లేదు. విజయవాడ ఆటోనగరు వంటి చోట్ల పట్టపగలు, ఒక చెయిన్ బ్లాకు, నాలుగు స్పానర్లు, ఇద్దరు కుర్రవాళ్లు ఉన్నచో చాలును. అరిగిన ఇంజనును పైకెత్తి, ఆ చోట మరొక బండి ఇంజనును దింపవచ్చును. దింపుట తేలిక. దింపిన తరువాత ఆ దేహమునకు, ఆ ప్రాణమునకు పొత్తు కుదురునా అన్నదే ప్రశ్న.

పాత కారు పేరుకు ఒకరిది, పనికి నలుగురిది. ఒకరికి వైరింగు తెలియును. మరొకరికి దొరకని సామాను వెదకు ఓపిక ఉండును. ఇంకొకరు లేతు పని చేయించుకొని రాగలరు. నాలుగవవారు టీ తెప్పించి సలహాలు చెప్పుదురు. ఒక ఇంటి ముంగిట వేపచెట్టు క్రింద 1960 ప్రాంతపు అంబాసిడరు ఒకటి ఉన్నదని ఊహించుడు. అది ఇంటి యజమాని తండ్రిగారు కొన్నది. ఇప్పుడు గుప్పుమని నీలి పొగ వదలుచున్నది. ఆదివారము ఉదయము మిత్రులు చేరినారు.

“ఒరేయ్, ఇందులో డీజిలు ఇంజను వేయించరా. ఖర్చు సగమవుతుంది,” అని ఒకరు.

“వేయిస్తే మా నాన్నగారు వీధి మలుపులో ఉండగానే మా అమ్మ గుర్తుపట్టిన చప్పుడు పోతుందిరా,” అని యజమాని.

ఈ రెండు వాక్యములలోనే చిక్కంతయు ఉన్నది.

చరిత్ర చూచినచో మొదటి మిత్రునికి బలము లేకపోలేదు. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణి కారును అనుసరించి, హిందుస్థాన్ మోటార్సు వారు బెంగాలులోని ఉత్తరపారాలో 1950ల చివర అంబాసిడరును తయారుచేయ నారంభించినారు. తొలి కార్లకు ప్రక్క వాల్వుల ఇంజను ఉండెను. 1959లో దాని స్థానమున 1,489 ఘనపు సెంటీమీటర్ల, పై వాల్వుల ఇంజను వచ్చినది. 1980 ప్రాంతమున డీజిలు ఇంజనును, 1990లలో జపానుకు చెందిన ఇసుజు వారి 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనును అమర్చినారు. 2014 మే నెలలో ఉత్పత్తి నిలిచిపోవువరకు పై రూపము పెద్దగా మారలేదు. ప్రాణము మాత్రము పలుమార్లు మారినది. తయారుచేసినవారే చేసిన పనిని మనము చేయుట తప్పెట్లగును?

ఇంకొక బంధుత్వము కూడ ఉన్నది. ఆ 1,489 ఇంజను బ్రిటిషు మోటారు కార్పొరేషను వారి ‘బి’ కుటుంబమునకు చెందినది. అదే కుటుంబపు ఇంజను ఎం.జి.ఎ. అను వేగపు కారులో పనిచేసినది. దాని తమ్ముడు, 1,798 ఘనపు సెంటీమీటర్లది, 1962లో ఎం.జి.బి. కారులో వచ్చినది. ఒకే కుటుంబములో ఇచ్చి పుచ్చుకొనుట సులభము. పరాయి కుటుంబపు ఇంజను వచ్చినప్పుడే మర్యాదలు ఎక్కువ కావలసి వచ్చును.

ఆ మర్యాదలు ఏవి? ఇంజను కూర్చొను మౌంటింగులు కొత్తగా చేయించవలెను. గేరు బాక్సుతో కలుపుటకు నడుమ పలక కావలెను. అది వెంట్రుకవాసి ప్రక్కకు జరిగినను బేరింగులు అరిగిపోవును. ప్రొపెల్లరు షాఫ్టు పొడవు సరిచూడవలెను. రేడియేటరు చాలునో చాలదో తేల్చుకొనవలెను. డీజిలు ఇంజను గాలిని ఇంచుమించు ఇరువది రెట్లు కుదించి, ఆ వేడికే ఇంధనము మండునట్లు చేయును. అంతటి ఒత్తిడికి ఓర్చుటకు దాని దేహము బరువుగా ఉండక తప్పదు. ఆ బరువు అంబాసిడరు ముందరి టార్షను బార్ల మీద పడును. అన్నిటికంటె ముఖ్యమైనది వేరొకటి. ఆనాటి కారుకు నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులే. పరుగు పెంచినవాడు ఆపుటను గూర్చి కూడ ఆలోచింపవలెను. ఇంజను కొరకు కూడబెట్టిన సొమ్ములో బ్రేకులకు భాగము పెట్టని మిత్రబృందము పని సగమే చేసినట్లు.

ఇక ఖర్చు మాట. 2010 జూనులో పెట్రోలు ధర మీద, 2014 అక్టోబరులో డీజిలు ధర మీద ప్రభుత్వ నియంత్రణ తొలగినది. అంతకు పూర్వము డీజిలు చాల చౌక. ఆ తేడాయే ఎన్నో పెట్రోలు కార్లకు డీజిలు గుండెను తెచ్చిపెట్టినది. తరువాత ఆ తేడా తగ్గినది. నెలకు రెండు మూడు సారులు షికారుకు తీయు కారులో ఇంజను మార్పిడి ఖర్చు తిరిగి వచ్చుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో లెక్క వేసి చూచుట మంచిది. బడి పిల్లలకు ఇది చక్కని లెక్క.

ప్రాణము సంగతి ఇట్లుండగా, ఆహారము సంగతి మరొకటి. ఈ కారు పుట్టిననాటి పెట్రోలు నేడు లేదు. 1921లో అమెరికాలో థామస్ మిడ్గ్‌లీ ఈ గుణమును కనుగొన్న సీసపు సమ్మేళనమును ఆ రోజులలో పెట్రోలులో కలిపెడివారు. అది ఇంజనులో ‘టకటక’ కొట్టుకొనుటను ఆపెడిది. వాల్వు సీట్ల మీద సన్నని పొరగా నిలిచి అరుగుదలను తగ్గించెడిది. కాని ఆ సీసము గాలిలో కలసి పసిపిల్లల బుద్ధి వికాసమునకు హాని చేసెడిది. భారతదేశమంతటను 2000 ఫిబ్రవరి 1 నుండి సీసము లేని పెట్రోలే అమ్ముచున్నారు. దాని కొరకు విచారింప పని లేదు. పాత హెడ్డును లేతు మీద తొలిచి, గట్టి లోహపు సీట్లు బిగించినచో సీసము లేని లోటు తీరును.

రెండవది ఇథనాలు. ఇరువది పాళ్లు ఇథనాలు కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మన దేశమున అమ్మకమునకు వచ్చినది. ఇథనాలు మండుటకు గాలి తక్కువ చాలును: ఒక కిలో పెట్రోలుకు సుమారు 14.7 కిలోల గాలి కావలసియుండగా, ఇథనాలుకు తొమ్మిది కిలోలు చాలును. అందుచేత పాత కార్బురేటరు పాత కొలతతోనే పోసినచో మిశ్రమము పలుచనగును. ఇంజను వేడెక్కును, ఉదయమున మొరాయించును. మెయిను జెట్టు ఒక సైజు పెంచుట దీనికి మందు. లీటరుకు లీటరుగా చూచినచో ఇథనాలు శక్తి పెట్రోలు శక్తికి మూడింట రెండు వంతులే. కనుక మైలేజి కొంత తగ్గును.

అంతకంటె జాగ్రత్త పడవలసినది రబ్బరు విషయమున. ఆనాటి గొట్టములు, కార్కు వాషర్లు, పంపు డయాఫ్రములు ఇథనాలుకు ఉబ్బి, మెత్తబడి, చిట్లును. వేడి ఇంజను మీద పెట్రోలు చుక్క పడుట ఎంత ప్రమాదమో చెప్పనక్కరలేదు. వీటినన్నిటిని ఇథనాలును తట్టుకొను నేటి రకము సామానుతో మార్చి తీరవలెను. ఇథనాలు నీటిని ఆకర్షించును. నెలల తరబడి కదలని కారులో ఆ నీరు ఇథనాలుతో కూడి ట్యాంకు అడుగున చేరి త్రుప్పు పట్టించును. కారును కొన్ని నెలలు నిలుపవలసి వచ్చినచో ట్యాంకు ఖాళీ చేయించుట ఉత్తమము.

“నూరు ఆక్టేను పోయించు, దూసుకుపోతుంది,” అనెడి నాలుగవ మిత్రుని సలహాను మాత్రము టీతో పాటు మింగివేయవచ్చును. ఆక్టేను సంఖ్య బలమునకు కొలత కాదు. కుదింపునకు ఓర్చి, తనంత తాను మండకుండ ఉండుటకు కొలత. ఈ ఇంజను కుదింపు ఏడెనిమిది రెట్ల ప్రాంతమే. ఉపవాసమునకు అలవాటుపడినవానికి పెండ్లి భోజనము వడ్డించినంత మాత్రమున బలము రాదు.

చివరగా చట్టము. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, తయారీదారు నిర్ణయించిన వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని చెప్పుచున్నది. వేరొక ఇంధనముతో నడుచునట్లు ఆమోదము పొందిన కిట్టు బిగించుటకు నిబంధనలకు లోబడి వెసులుబాటు ఉన్నది. ఇంజను సంఖ్య రిజిస్ట్రేషను పత్రముతో సరిపోనిచో, తనిఖీలోనే కాక, ప్రమాదము జరిగి బీమా అడిగిన నాడు కూడ చిక్కు వచ్చును. కనుక రవాణా శాఖ కార్యాలయమును ముందు అడిగి, చెయిన్ బ్లాకును తరువాత పిలువవలెను. 2021 జూలైలో వచ్చిన నియమముల ప్రకారము ఏబది సంవత్సరములు దాటిన కారును వింటేజి వాహనముగా నమోదు చేయించుకొనవచ్చును. కాని ఛాసీ, దేహము, ఇంజను గణనీయముగా మారక మూలరూపముననే ఉండవలెను. వేపచెట్టు క్రింది కారు ఆ వయసు దాటినది. ఇంజను మార్చినచో ఆ గౌరవము దక్కదు.

ఈ మాట విన్న తరువాత మిత్రులు కొంతసేపు మాటలాడరు. పాత ఇంజనునే విప్పి, బోరు చేయించి, కొత్త పిస్టనులు, రింగులు వేసి, గట్టి సీట్లు బిగించి చూతమన్న మాట అప్పుడు వచ్చును. అది నెమ్మదిగా సాగు పని. సామాను వెదకవలెను, అనేక ఆదివారములు పట్టును. మిత్రులకు అది నష్టమని ఎవరనగలరు?

బ్లాకు పగిలి, మార్పిడి తప్పనిసరియైనవారు కూడ ఉందురు. వారు అమరుకుని కథ చివరను గుర్తుంచుకొనవలెను. పరాయి ప్రాణము తమ రాజును విడిచిపోరాదని, మంత్రులు రాజ్యములోని కళేబరములన్నిటిని కాల్చివేయుడని ఆజ్ఞ ఇచ్చినారు. గుహలో గురువుగారి దేహమును కాపాడిన శిష్యులు ఉండుటచేతనే ఆయన తిరిగి రాగలిగినారు. ఛాసీని కోయకుండ, మరల విప్పుటకు వీలుగా కొత్త ఇంజను బిగించుడు. పాతదానికి నూనె రాసి, గోనె చుట్టి, ఇంటి మూలన భద్రపరచుడు. పాత ఇనుము కొనువాడు ఆ వీధిన వచ్చినప్పుడు, దానిని అమ్మనీయకుండ అడ్డుపడు మిత్రుడొకడు ఉన్నచో చాలును.