గాదె పక్కన పుట్టిన రాత

సాహిత్య పాఠశాలల్లో చరిత్ర పాఠం చెప్పవలసి వచ్చినప్పుడల్లా నేను చాలాకాలం ఒకే పద్ధతి పాటించాను. బల్ల మీద నాలుగు మాటలు వరసగా రాసి మధ్యన బాణం గుర్తులు వేసేవాణ్ణి: ఆహారసేకరణ, వ్యవసాయం, మిగులు, రాజ్యం. గార్డన్ చైల్డ్ 1936లో రాసిన ‘మ్యాన్ మేక్స్ హిమ్‌సెల్ఫ్’ చదువుకున్న వాళ్ళకు ఆ బాణాలు కంఠతా వచ్చు. ఒకసారి వెనక వరసలోంచి ఒక విద్యార్థిని లేచి, “గింజలు పండించారు సరే మాస్టారూ, వాటిని పిండి చేసిందెవరు?” అని అడిగింది. ఏదో చెప్పి గట్టెక్కాను. ఆనాడు చెప్పవలసిన జవాబు ఇప్పుడు రాస్తున్నాను.

మొదటి బాణం దగ్గరే నా పాఠం తప్పు. చైల్డ్ వాడిన ‘విప్లవం’ అన్న మాట పట్టుకుని, ఒక తరంలో జరిగిపోయిన మార్పును మనం ఊహించుకున్నాం. గలిలీ సరస్సు నీటిమట్టం తగ్గినప్పుడు 1989లో ఒహాలో అనే చోటు బయటపడింది. అక్కడ 23,000 ఏళ్ళ కిందటి గుడిసెల్లో అడవి బార్లీ, అడవి గోధుమ గింజలూ, గింజలు నూరిన రాయీ దొరికాయి. అంటే వ్యవసాయం స్థిరపడడానికి పదివేల ఏళ్ళకు పైగా ముందే పిండి ఉంది! అడవి బార్లీ పండగానే వెన్ను తునిగి గింజ నేల రాలుతుంది. అది మొక్కకు మేలు, కోసేవారికి నష్టం. అరుదుగా కొన్ని వెన్నులు రాలవు. కోసి ఇంటికి తెచ్చిన పనల్లో అవే ఎక్కువ మిగిలి, మళ్ళీ చల్లినప్పుడు అవే మొలిచి, క్రమంగా చేనంతా రాలని రకమే అయింది. పశ్చిమాసియాలో ఈ ‘క్రమంగా’ అన్న మాటకు అర్థం 2,000 ఏళ్ళు, అంతకు పైగానే. ఆ కాలమంతా అదే మనుషులు జింకల్ని వేటాడుతూ, కాయాగింజా ఏరుతూ, కొంత విత్తుతూ బతికారు. పరిమాణాత్మకమైన మార్పు గుణాత్మకమవుతుందని ఉపన్యాసాల్లో మనం తేలిగ్గా అనేస్తామే, ఇక్కడ అది గింజ గింజగా జరిగింది. పైగా తుర్కియేలోని గోబెక్లి తెపెలో క్రీ.పూ. 9500 ప్రాంతంలో అయిదు మీటర్ల రాతి స్తంభాలు నిలబెట్టినవాళ్ళు ఇంకా పెంపుడు పంట ఎరగరు. మిగులు పంట లేనిదే పెద్ద కట్టడం లేదన్న మన సూత్రం అక్కడ నిలవదు.

ఇక ఆ అమ్మాయి ప్రశ్న. సిరియాలో యూఫ్రటీస్ ఒడ్డున అబూ హురేరా అనే ప్రాచీన గ్రామం ఉండేది. ఆనకట్ట నీళ్ళలో మునిగిపోతుందని 1972-73లో హడావుడిగా తవ్వారు, 1954-60 మధ్య మన నాగార్జునకొండ లోయను తవ్వినట్టు. అక్కడి ఎముకలను పరిశీలించి థేయా మోలెసన్ 1994లో ఒక వ్యాసం ప్రకటించింది. కాలి బొటనవేలి కీళ్ళు అరిగి ఉన్నాయి. మోకాళ్ళూ, నడుము దగ్గరి వెన్నుపూసలూ దెబ్బతిన్నాయి. నేల మీద మోకరించి, కాలివేళ్ళు భూమికి అదిమిపెట్టి, ముందుకూ వెనక్కూ ఊగుతూ రాతి మీద రాతితో రోజూ గంటల తరబడి నూరినవాళ్ళ ఎముకలవి. ఎక్కువగా స్త్రీలవి. పండిన గింజ తిండి కాదు. దాన్ని తిండిగా మార్చే శ్రమ నేను బల్ల మీద రాసిన నాలుగు మాటల్లో ఎక్కడా లేదు. ఉత్పత్తి గురించి ఇన్ని మాట్లాడే మనం, ఉత్పత్తి అంటే చేనుగట్టు దగ్గరే ఆగిపోతుందని ఎందుకనుకున్నాం?

మూడో బాణం ఇంకా బలహీనం. వ్యవసాయం కుదురుకున్న తర్వాత మొదటి నగర రాజ్యాలు రావడానికి 4,000 ఏళ్ళు పట్టింది. తుర్కియేలోనే చాతల్‌హోయుక్‌లో క్రీ.పూ. 7100 నుంచి వెయ్యేళ్ళకు పైగా జనం ఒకరి గోడకొకరు ఆనుకుని బతికారు. ఇళ్ళన్నీ ఇంచుమించు ఒకే తీరు. రాజభవనమన్నది అక్కడ బయటపడలేదు. మిగులు ఉండడం వేరు, దాన్ని ఒకడు పట్టుకుపోగలగడం వేరు. జేమ్స్ స్కాట్ 2017లో చేసిన వాదన మన రైతుకు వివరించనక్కరలేదు: దుంప భూమిలో దాగుతుంది. ధాన్యం అందరి కంటా పడేలా పైన పండుతుంది, ఒక్కసారే పండుతుంది, ఎండబెడితే నిలవ ఉంటుంది, కుంచంతో కొలవవచ్చు. వసూలుకు వచ్చేవాడు కోతల కాలంలో కళ్ళం దగ్గరికొస్తే చాలు.

కొలత వచ్చాక లెక్క రావాలి. రచయితలుగా మనకు పట్టవలసిన సంగతి ఇక్కడే ఉంది. దక్షిణ ఇరాక్‌లోని ఉరుక్‌లో క్రీ.పూ. 3300 - 3000 మధ్యకాలపు మట్టి పలకలు, ముక్కలూ కలిపి సుమారు 5,000 దొరికాయి. ప్రపంచంలోని అతి ప్రాచీనమైన రాతల్లో ఇవి చేరతాయి. రాత అన్నది గుండె లోతుల్లోంచి పుట్టిందనే కవిమిత్రులు ఈ పలకలొకసారి చూడాలి. నూటికి 85 వంతులు జమాఖర్చులే! ఎంత బార్లీ వచ్చింది, బీరుకెంత పోయింది, గొర్రెలెన్ని. మిగతావి లేఖకులు నేర్చుకోవడానికి రాసుకున్న పదాల పట్టికలు. కథ లేదు, పాట లేదు. ‘తినడం’ అనడానికి గుర్తు ఒక తల, దాని పక్కన గిన్నె. అలాంటి ముతక గిన్నెలు ఆ కాలపు దిబ్బల్లో కుప్పలుగా దొరికాయి. కూలీలకు బత్తెం కొలిచినవని చాలామంది అంటారు, రొట్టె అచ్చులని కొందరు. ‘బానిస స్త్రీ’ అనడానికి స్త్రీ గుర్తు పక్కన కొండ గుర్తు. కొండల అవతలి పరాయి నేల నుంచి తెచ్చిన మనిషి అని దానికి చెప్పే అర్థం. పనివాళ్ళను వయసువారీగా విడదీసిన మాటలే మందలోని పశువులకూ వాడారు.

ఆంధ్రప్రదేశ్‌లో 1984లో రద్దయ్యేదాకా కరణీకం ఎరిగిన మనకు ఈ ఉరుక్ లేఖకుణ్ణి ఊహించుకోవడం కష్టం కాదు. లిపి ముందు కరణం చేతిలోది. కవి చేతికి రావడానికి ఆరేడు వందల ఏళ్ళు పట్టింది. శురుప్పాక్ నీతులు, కేష్ ఆలయ స్తోత్రం క్రీ.పూ. 2600 - 2500 ప్రాంతపు పలకల మీద గాని కనిపించవు. అంతకుముందు పాట లేదని కాదు. పాడేవాళ్ళకు పలక అక్కరలేదు, పలక పట్టినవాడికి పాటతో పని లేదు.

ఇదంతా విని ఒక మిత్రుడు, “అయితే లిపి పుట్టుకతోనే దోపిడీ సాధనమన్నమాట” అన్నాడు. అంత తేలిగ్గా నేనొప్పుకోను. క్రీ.పూ. 2100 - 2000 మధ్య ఊర్ నగర రాజుల కాలానికి వస్తే, నూరే పని పెద్ద పెద్ద పిండిశాలల్లోకి చేరింది. నూరేది ఇంకా స్త్రీలే. బత్తెం సాధారణంగా మగవాడికి నెలకు 60 సీలాల బార్లీ, ఆడమనిషికి 30. సీలా అంటే సుమారు ఒక లీటరు. ఆ బత్తెం పట్టికలు చాలావాటిలో స్త్రీల పేర్లు ఒక్కొక్కటిగా రాసి ఉన్నాయి. రాసినవాడికి వాళ్ళ మీద అభిమానమేమీ లేదు, బార్లీ లెక్క తేలాలి. కాని రాజుల స్తోత్రాల్లో వెతికినా దొరకని పేర్లు ఆ మట్టి మీద నిలిచాయి: ఒక పేరు, ఎదుట 30. ఇంకో పేరు, 30. ఆమె వెంట ఉన్న పిల్లకు 10.