బాలింత దగ్గు

మిర్చి యార్డు, కోల్డ్ స్టోరేజీల చుట్టుపక్కల బతికే నల్లపాడు లాంటి ఊళ్లలో దగ్గు ఎవరికీ వింత కాదు. తొడిమలు తీసే కూలీ దగ్గితే ‘కాయ ఘాటులే’ అంటారు. పత్తి మిల్లు నుంచి వచ్చినామె దగ్గితే దుమ్ము మీద తోస్తారు. చాలాసార్లు అది నిజమే. కానీ దగ్గు రెండు వారాలు దాటితే ఆ సమాధానం చెల్లదు, ముఖ్యంగా కాన్పయిన కొత్తలో.

క్షయ క్రిమి ఒంట్లో చేరిన వారందరికీ జబ్బు రాదు. ఎక్కువమందిలో రోగనిరోధక కణాలు దాన్ని చుట్టుముట్టి, బందెలదొడ్డిలో తోలినట్టు బంధిస్తాయి. అది చావదు, బయటికీ రాదు. ఈ కాపలాకు పెద్ద దిక్కు టి కణాలు. అవి వదిలే ఇంటర్‌ఫెరాన్ గామా అందితేనే మాక్రోఫేజ్‌లకు క్రిమిని అణిచే శక్తి వస్తుంది. గర్భిణికి చిక్కు ఇక్కడే. బిడ్డ జన్యువుల్లో సగం తండ్రివి, అంటే తల్లి ఒంటికి పరాయివి. వాటి మీద దాడి జరగకుండా ఈ టి కణాల దూకుడు కొంత తగ్గుతుంది. గర్భంలో నిరోధకశక్తి మొత్తం పడిపోతుందని రాసేవాళ్లున్నారు, అది తప్పు. కొన్ని తగ్గుతాయి, కొన్ని పెరుగుతాయి. తగ్గేవాటిలో క్షయను ఆపేవి ఉన్నాయి, అంతే.

కాన్పయ్యాక ఆ దూకుడు తిరిగొస్తుంది. అప్పటిదాకా చడీచప్పుడు లేని క్రిమి మీద ఒంటి పోరు మళ్లీ మొదలై, జ్వరం, దగ్గు పైకి తేలతాయి. బ్రిటన్‌లో లక్షా తొంభై వేల మందికి పైగా స్త్రీల వైద్య రికార్డులు చూసి 2012లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, కాన్పు తర్వాతి ఆరు నెలల్లో క్షయ బయటపడటం మామూలు రోజులకంటే దాదాపు రెట్టింపు. కడుపుతో ఉన్నప్పుడు అంత స్పష్టమైన తేడా కనబడలేదు. నిజంగా లేకనా, పట్టుకోలేకనా? నీరసం, ఆయాసం గర్భిణికి ఎలాగూ ఉంటాయి. తగ్గాల్సిన బరువును పెరిగే కడుపు కప్పేస్తుంది.

మన దగ్గర పట్టుకోవడం ఇంకా కష్టం. తొలి కాన్పుకు పిల్ల పుట్టింటికి వెళ్తుంది. నల్లపాడులో చూసిన ఆశా కార్యకర్త ఒకరు, అక్కడ చూసేవారు మరొకరు. చిక్కిపోతే పథ్యం వల్ల అంటారు, చెమటలు పోస్తే పచ్చి బాలింతకు మామూలే అంటారు.

మంగళగిరిలో నేటి ఎయిమ్స్ ఉన్నది ఒకప్పటి క్షయ శానిటోరియం స్థలంలో. రోగిని ఇంటికి దూరంగా ఉంచడమే వైద్యమనుకున్న కాలం అది. ఇప్పుడు మామూలు క్షయకు ఆరు నెలల మాత్రలు ఇంట్లోనే మింగొచ్చు. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ గర్భిణికీ ఇస్తారు, తోడుగా బి6 విటమిన్. బిడ్డ వినికిడి దెబ్బతీసే స్ట్రెప్టోమైసిన్ మాత్రం వద్దు. కడుపుకు రక్షణ కప్పి ఛాతీ ఎక్స్‌రే తీయొచ్చు. పాల ద్వారా క్షయ సోకదు, దగ్గు ద్వారా సోకుతుంది. అందుకే వైద్యం మొదలైన కొత్తలో తల్లి మాస్కు కట్టుకుని పాలివ్వాలి. బిడ్డను పరీక్షించి, జబ్బు లేకపోతే రాకుండా మందిస్తారు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు పరీక్షలు చేస్తారు. కాన్పుతో ఆ వరుస ముగుస్తుంది. అయితే ఆరు, పది, పద్నాలుగు వారాలకు బిడ్డకు టీకాలుంటాయి, పుట్టింట్లో ఉన్నా అత్తింట్లో ఉన్నా. ఎత్తుకొచ్చేది తల్లే, ఆమెకు ముప్పున్న రోజులూ అవే. సూది వేస్తూ ఏఎన్ఎం ‘నీకు దగ్గేమైనా ఉందా అమ్మా’ అని అడిగి, ఉందంటే కళ్లె పరీక్షకు డబ్బా చేతికివ్వడానికి అంతకంటే మంచి సమయం దొరకదు.