మీకు తెలుసా? చేప కొసకు, నొప్పి పిడికి

దుకాణంలో ఫిషింగ్ రాడ్ చేతికివ్వగానే చాలామంది కొస పట్టుకుని వంచి చూస్తారు. పిడి వైపు చూపే పోదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా విసిరాక మణికట్టు గుంజుతుందా లేదా అన్నది మాత్రం పిడి చేతిలో ఉంది.

అసలు పిడి గురించి ఎవరు బెంగపడాలో ముందు తేల్చుకుందాం. జూరాల దగ్గర బొచ్చె కోసమో రోహు కోసమో ఎర వేసి, కర్రను రాళ్ల మధ్య గుచ్చి కూర్చునేవాళ్లకు ఏ పిడైనా ఒకటే. కొర్రమీను వేటగాళ్ల సంగతి వేరు. 2016లో తెలంగాణ రాష్ట్ర చేపగా ప్రకటించిన ఈ కొర్రమీను గాలి పీల్చుకోవడానికి పైకొస్తుంది, మళ్లీ నాచులోకి దూరుతుంది. దాన్ని రేపడానికి రబ్బరు కప్పను నాచు మీదుగా విసరాలి, లాగాలి, మళ్లీ విసరాలి. వనపర్తి చుట్టూ ఉన్న చెరువుల్లోనైనా, సరళాసాగర్ అంచుల్లోనైనా పని ఇదే.

మన వెదురు కర్రకు పిడి పుట్టుకతోనే వస్తుందని గమనించారా? మొదలు లావు, కొస సన్నం. బరువంతా చేతి దగ్గరే. వెదురును చీల్చి, బద్దలు అతికించి అమెరికా, ఇంగ్లండుల్లో చేసిన ఖరీదైన రాడ్లకు 19వ శతాబ్దంలో మన దేశపు వెదురే వాడేవారు. కలకత్తా రేవు నుంచి ఓడలెక్కేది కాబట్టి దానికి కలకత్తా కేన్ అని పేరు. తర్వాత చైనా వెదురు వచ్చి దాన్ని పక్కకు నెట్టింది.

ఇప్పటి ఫైబర్, కార్బన్ రాడ్లలో ఆ బరువు ఎక్కడుందో మనమే చూసుకోవాలి. మీరు వాడబోయే రీలునే బిగించి, రీలుకు కాస్త ముందు రాడ్‌ను చూపుడువేలి మీద ఆనించండి. అడ్డంగా నిలిస్తే మంచిది. కొస కిందికి వాలిపోతుంటే, దాన్ని ఎత్తిపట్టే పని రోజంతా మీ ముంజేతిదే. రాడ్ తేలికగా ఉన్నా సరే, ఈ తూకం తప్పితే చెయ్యి లాగుతుంది.

ఇక్కడే ఒక తమాషా. పిడి మధ్యలో ఫోమ్ తీసేసి, రీలు దగ్గర ఒక ముక్క, అడుగున ఒక ముక్క ఉంచిన రాడ్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. స్ప్లిట్ గ్రిప్ అంటారు. బరువు తగ్గించామంటారు, నిజమే. తగ్గింది మాత్రం వెనక వైపు. వెనక బరువు తీస్తే ముందు వాలుతుంది కదా! అందుకే కొన్నిటికి అడుగున చిన్న ఇనుప బిళ్ల పెట్టి అమ్ముతారు. మొదట తీసేయడం, తర్వాత కలపడం. చూడ్డానికి సోకుగా ఉంటుంది, కాదనను. పొడుగాటి రాడ్డయితే నా ఓటు నిండు పిడికే.

పిడి పొడవు మీరు నిలబడే చోటును బట్టి ఉండాలి. కట్ట మీంచి రెండు చేతులతో విసిరేటప్పుడు పై చెయ్యి ముందుకు తోస్తుంది, కింది చెయ్యి మొదలును పొట్టవైపు లాగుతుంది. రెండు చేతుల మధ్య ఎడం పెరిగినకొద్దీ బలం తక్కువ పడుతుంది. కాబట్టి రీలు దగ్గర పట్టుకుని ముంజేతి కింద ఆనిస్తే మొదలు మోచేయి దాటి కాస్త బయటికి రావాలి. నాగర్‌కర్నూల్ జిల్లా సోమశిల దగ్గర శ్రీశైలం వెనక జలాల్లో పుట్టిలో కూర్చుని వేస్తే ఇదే పొడవు శత్రువవుతుంది. గుండ్రటి పుట్టిలో మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటాం. పొడుగు మొదలు ప్రతి విసురుకూ పొట్టలోనో తొడకో గుచ్చుకుంటుంది. అక్కడ మోచేతికి ఇవతలే ఆగే పిడి చాలు.

లావు సంగతీ ఉంది. గట్టిగా పట్టి పనిచేసే పనిముట్ల పిడి అడ్డకొలత 32 నుంచి 51 మిల్లీమీటర్ల మధ్య ఉండాలని అమెరికా వృత్తి భద్రతా సంస్థ నియోష్ సూచన. పిడి మరీ సన్నమైతే వేళ్లు అవసరానికి మించి బిగుసుకుంటాయి. సన్న పిడికి క్రికెట్ బ్యాటు రబ్బరు గ్రిప్పో, పాత సైకిల్ ట్యూబు ముక్కో తొడిగేవాళ్లు తెలివైనవాళ్లే. బరువు కాస్త వెనక్కి కూడా జరుగుతుంది.

కార్కా, ఫోమా? కార్క్ అంటే ఒక రకం ఓక్ చెట్టు బెరడు. ప్రపంచంలో సగం దాకా పోర్చుగల్ నుంచే వస్తుంది. చెట్టును నరకరు. తొమ్మిదేళ్లకోసారి బెరడు ఒలుస్తారు. బిళ్లలుగా కోసి, అతికించి, లేతు మీద తిప్పి పిడి చేస్తారు. గద్వాల ఎండల్లో కార్క్ వేడెక్కదు, తడిచేతికి జారదు. గట్టిగా తగిలితే పెచ్చులూడుతుంది. నల్లటి ఫోమ్ పేరు ఈవీఏ. మన చెప్పుల అడుగుల్లో వాడేదీ ఇదే. తేలేది కదా అని పాత చెప్పుల ముక్కలను జాలర్లు వలలకు బెండ్లుగా కట్టడం తెలిసిందే. అదే సరుకు రాడ్ పిడిగా వస్తే ధర వేరు! దెబ్బలకు తట్టుకుంటుంది, సులభంగా కడుక్కోవచ్చు. ఎండలో మాత్రం కాస్త కాలుతుంది.

పట్టు కూడా పిడిలో భాగమే. కింద వేలాడే స్పిన్నింగ్ రీలుకు కాడ ఉంటుంది కదా, దాన్ని మధ్య వేలికీ ఉంగరపు వేలికీ మధ్య ఉంచండి. పిడికిలి అంతా రీలు వెనక పెడితే కొస బరువు రెట్టింపనిపిస్తుంది. ఇలాంటి రీళ్లలో చాలావాటికి తిప్పే చెయ్యిని ఎడమకూ మార్చుకోవచ్చు. కుడిచేత్తో విసిరి, ఎడమచేత్తో చుట్టుకుంటే ప్రతిసారీ రాడ్ చేతులు మార్చే బాధ తప్పుతుంది.

కొనేముందు దుకాణంలో చెయ్యి తడుపుకుని పట్టి చూడండి. చెరువు మత్స్యకార సంఘం వాళ్లదైతే ఒక మాట అడిగి వెళ్లండి. కృష్ణా నది ఒడ్డున మాత్రం కాళ్లు నీళ్లలో వేలాడేసుకుని కూర్చోకండి, మొసళ్లున్నాయి.