పెళ్ళికి ముందే తేలవలసిన అప్పుల లెక్క

బిలాస్‌పూర్: వరుడికి రైల్వేలో ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి క్వార్టర్. సంబంధం కుదుర్చుకునే ముందు ఇంతవరకు విచారిస్తే చాలదు. అప్పుల వాయిదాలు పోగా ఆ జీతంలో చేతికందేది ఎంత అన్నది కూడా ముందే తెలుసుకోవాలి.

బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ తెలుగు కుటుంబాలు ఉద్యోగరీత్యా వచ్చి స్థిరపడిన పట్టణం ఇది. 2003 నుంచి ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రం. స్థిరమైన జీతం ఉన్నచోట అప్పు సులువుగా పుడుతుంది. చెల్లెలి పెళ్ళికో, స్వగ్రామంలో ఇంటికో చేసిన అప్పు తన పెళ్ళినాటికి తీరకపోవడం వింత కాదు, తప్పూ కాదు. దానిని దాచడంతోనే చిక్కు.

సంతకంతోనే బాధ్యత

భర్త చేసిన వ్యక్తిగత రుణానికి, పెళ్ళాడిన కారణంగానే భార్య బాధ్యురాలు కాదు. భార్య చదువు కోసం తీసుకున్న రుణానికి భర్త విషయంలోనూ ఇదే సూత్రం. అయితే సహ రుణగ్రహీతగానో, హామీదారుగానో సంతకం చేస్తే పరిస్థితి మారిపోతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోని 128వ సెక్షన్ ప్రకారం, ఒప్పందంలో వేరుగా రాసుకుంటే తప్ప, హామీదారు బాధ్యత అసలు రుణగ్రహీత బాధ్యతతో సమానం. పాత అప్పులన్నీ కలిపి కొత్త రుణంగా మార్చేటప్పుడు ‘సంతకం లాంఛనమే’ అని ఎవరన్నా నమ్మరాదు.

వధువుకు పుట్టింటివారు ఇచ్చిన నగలు, కానుకలు స్త్రీధనం. వాటిపై పూర్తి హక్కు ఆమెదేనని సుప్రీంకోర్టు 1985లో ప్రతిభా రాణి కేసులో స్పష్టం చేసింది. కానుకల జాబితా రాసి ఉంచాలని అదే ఏడాది వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి. ఆ జాబితాతోపాటు నగల రసీదులూ భద్రపరచుకోవడం మేలు. కాగా భర్త అప్పు తీర్చేందుకు భార్య తన పేరిట నగలు కుదువబెడితే ఆ కొత్త అప్పు ఆమెదే అవుతుంది.

చూడవలసిన కాగితాలు

జీతం చీటీలో భవిష్యనిధి అడ్వాన్సు, సహకార సంఘం రుణాల కోతలు కనిపిస్తాయి. బ్యాంకు రుణాలు, క్రెడిట్ కార్డు బకాయిలు సిబిల్ వంటి సంస్థల నివేదికలో ఉంటాయి. ఎవరి నివేదికను వారు ఏడాదికొకసారి ఉచితంగా పొందే వీలును రిజర్వు బ్యాంకు 2017 నుంచి కల్పించింది. ప్రామిసరీ నోటుపై తెచ్చిన వడ్డీ అప్పులు, చేబదుళ్ళు ఈ రెండింటిలోనూ కనిపించవు. వాటిని నోరు తెరిచి అడగవలసిందే.

చట్టరీత్యా అప్పు ఒకరిదే అయినా దాని భారం ఇంటిపై పడక తప్పదు. కోర్టు డిక్రీ వస్తే, లెక్కకు వచ్చే జీతంలో మొదటి వెయ్యి రూపాయలు, మిగిలినదానిలో మూడింట రెండు వంతులు మినహాయించి తక్కిన సొమ్మును జప్తు చేయవచ్చు. అటువంటి జీతం రూ.40,000 అయితే నెలకు రూ.13,000 వరకు పోయే అవకాశం ఉంది. భవిష్యనిధికి మాత్రం రక్షణ ఉంది. భర్త 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద భార్యాబిడ్డల పేరిట బీమా తీసుకుంటే, ఆ సొమ్ము సాధారణంగా అప్పులవారికి చిక్కదు.

పెళ్ళయ్యాక ఎవరి జీతం ఖాతా వారికి ఉండి, ఇంటిఖర్చుకు మాత్రం ఉమ్మడి ఖాతా తెరిస్తే ఎవరి సొమ్ము ఎంతో తేల్చడం తేలిక. జాతకాలు ఇచ్చిపుచ్చుకునేనాడే ఇరువైపులా జీతం చీటీలు, రుణ నివేదికలు చూపుకుంటే పెళ్ళయిన తర్వాత అప్పులవాడు తలుపు తట్టి చెప్పే దుస్థితి తప్పుతుంది.