సర్వరు పెట్టిన చాకలిగుర్తు

ఖల్లికోట రాజుల పేరు మోయుచున్న విద్యాసంస్థ గల బరంపురములో కంప్యూటరు పాఠములు చెప్పువానికి, పాఠ్యగ్రంథములలో లేని ప్రశ్నలు పట్టుచీరల మూలమున వచ్చుట వింత గాదు. తరగతి ముగిసిన పిమ్మట ఒక విద్యార్థిని నిలిచి, “మాస్టారూ, అమ్మకని ఓ సైట్లో పట్టుచీర చూశాను, కొననేలేదు. పొద్దున్న తెలుగు పేపరు సైటు తెరిస్తే వార్తల పక్కన అదే చీర, అదే అంచు. పేపరువాళ్ళకి ఎవరు చెప్పారండీ?” అని యడిగినది. ఎవరును చెప్పలేదు. పత్రికకు ఆ చీర సంగతి నేటికిని తెలియదు. ఆమె చదివిన వార్త యేదో చీరల దుకాణమునకు తెలియదు. ఐనను చీర వచ్చి వార్తల ప్రక్కన కూర్చున్నది. ఈ చమత్కారమునకు మూలమైన చిన్న సాధనము పేరు కుకీ. దానిని తిట్టనివారు నేడు అరుదు. నాకు మాత్రము దాని నిర్మాణముపై గౌరవము కలదు, ఏలయన, జనులను వెంటాడుటకు వీలు లేకుండునట్లు తలపెట్టి చేసిన సాధనమే వెంటాడుటకు పరమసాధనమగుట యంత్రముల చరిత్రలో తరచుగా కనబడు కథ కాదు.

వెబ్బునకు జన్మనిచ్చిన టిమ్ బెర్నర్స్-లీ, 1990 ప్రాంతమున జెనీవా చెంతనున్న సెర్న్ పరిశోధనాలయములో తన నియమావళిని వ్రాసినపుడు, శాస్త్రజ్ఞులు పరస్పరము పత్రములు చదువుకొనుటయే ఆయన మనసులో ముఖ్యముగా నున్న ప్రయోజనము. కావున పుట కావలెనని బ్రౌజరు అభ్యర్థించుట, సర్వరు దానిని పంపుట, పంపిన తక్షణమే అభ్యర్థించినవానిని సమూలముగా మరచిపోవుట, ఇంతటితో వ్యవహారము సమాప్తము. ఈ మరపు లోపము కాదు, బుద్ధిపూర్వకముగా నేర్పరచిన సుగుణము. ఎవరిని గూర్చియు జ్ఞాపకముంచుకొనవలసిన భారము లేని సర్వరు, వచ్చినవారెందరైనను ఒక్కొక్క అభ్యర్థనను విడివిడిగా తీర్చి తేలికగా నుండగలదు. నడుమ ఆగిపోయి మరల లేచినను దానికి పోయినదేదియు లేదు.

అయితే పఠనమందిరమున సుగుణమైనది అంగడిలో అవగుణమైనది. ఒకామె నీలిరంగు చీర నొకదానిని ఎంచి సంచిలో వేసి, రవికగుడ్డకై తరువాతి పుటకు పోవుసరికి, సర్వరు దృష్టిలో ఆమె క్రొత్తమనిషి, సంచి శూన్యము. మా ప్రాంతమునకు ఇంకొక చిక్కు కూడ కలదు. 1936 ఏప్రిల్ 1న మా బరంపురమున్న గంజాము మద్రాసు రాజధానినుండి విడివడి ఒరిస్సాలో చేరిన నాటినుండి ఇచ్చటి తెలుగింట బడిభాష యొకటి, కచేరిభాష యొకటి, వంటింటిభాష యొకటి. రెండు మూడు భాషలలో పుటలు చూపు సైటులో ‘తెలుగు’ అని యొకసారి నొక్కినను, మరచిపోవు సర్వరు ప్రతి పుటకును మరల నీది ఏ భాష యని యడుగవలసియే యుండును. ఈ ప్రశ్న నెదుర్కొనుటకు రాజకీయమైన యోపిక మాకు తరతరములుగా నున్నది గాని, యంత్రముచేత గూడ అడిగించుకొనుట దుర్భరము.

1994లో నెట్‌స్కేప్ అను నూతన సంస్థయందు లూ మాంటుల్లి యను యువకుడు పనిచేయుచుండెను. కాన్సాస్ విశ్వవిద్యాలయమున నుండగనే లింక్స్ అను అక్షరమాత్ర బ్రౌజరును నిర్మించినవారిలో నొకడైన చేయి తిరిగినవాడు. ఎం.సి.ఐ. యను టెలిఫోను సంస్థ తమకు వెబ్బుపై అంగడి కావలెననియు, కొనుగోలుదారుల సగము నిండిన సంచులను మాత్రము తమ సర్వరులపై మోయజాలమనియు చెప్పినది. అనగా జ్ఞాపకము కావలెను, జ్ఞాపకభారము వలదు. సులభముగా తోచు ఉపాయములు రెండున్నవి. నెట్‌వర్కు చిరునామానుబట్టి మనిషిని గుర్తించుట మొదటిది. కాని ఒక వసతిగృహమునకు ఒకే కనెక్షన్ ఉన్నచోట అందులోని విద్యార్థులందరిదియు బయటివానికి ఒకే చిరునామా, కావున ఒకని సంచిలో వేరొకని పుస్తకములు పడును. ప్రతి బ్రౌజరుకును పుట్టుకతోనే యొక శాశ్వతసంఖ్య యిచ్చి దానిని అన్ని సైటులకును చూపించుట రెండవది. మాంటుల్లి దీనిని ఆలోచించి త్రోసివేసెను. ఎందుచేత ననగా, ఆ సంఖ్య చేతనున్నచో ఏ రెండు సైటులైనను కూడబలుక్కొని ఒక మనిషి సంచారమంతయు కూర్చగలవు. ఈ నిరాకరణము కథకు ఆయువుపట్టు.

మూడవ ఉపాయము మా ఊరివారికి బోధపరచుట సులభము. పూర్వము ఇంటింటికి వచ్చి బట్టలు కొనిపోవు రజకుడు నల్లజీడిగింజ రసముతో చీర మూలను ఒక చుక్కయో గీతయో పెట్టెడివాడు. గుర్తు చీరపై నుండును, చీర మన పెట్టెలో నుండును, గుర్తునకు అర్థము మాత్రము పెట్టినవానికొక్కనికే తెలియును. మరల చీర తన చేతికి వచ్చినపుడు అది ఏ యింటిదో అతడు తడుముకొనక చెప్పును. మాంటుల్లి చేసినది అచ్చముగా నిదియే. సర్వరు మొదటి పుటను పంపునపుడు, దాని తలభాగమున పాఠకునికి కనబడని పంక్తి నొకదానిని చేర్చును: ‘సెట్-కుకీ’ యని మొదలిడి, ఒక పేరు, సమానచిహ్నము, ఒక విలువ. బ్రౌజరు ఆ విలువను అర్థము చేసికొన యత్నింపదు. ఎవరు పంపిరో ఆ సైటు పేరుతో కలిపి భద్రపరచును. మరల అదే సైటును ఏమి కోరినను, ఆ అభ్యర్థన వెంట ఆ విలువను అక్షరము మారకుండ తిప్పిపంపును. వేరొక సైటునకు చచ్చినను చూపదు. సర్వరునకు మరపు మరపుగనే మిగిలినది, జ్ఞాపకము వచ్చినవాని చేతిలోనే యున్నది. ప్రోటోకాలును కదలింపక, రెండు పంక్తుల చేర్పుతో మతిలేనిదానికి మతి కల్పించిన యీ లాఘవమును చూచినప్పుడెల్ల నాకు ఆనందము కలుగుచునే యుండును. కుకీ ప్రోగ్రాము గాదు, వైరసు గాదు, తనంతట ఏమియు చేయజాలదు. కేవలము అక్షరముల మూట. నెట్‌స్కేప్ నాటి నిబంధనలో మూటకు 4 కిలోబైట్లు, ఒక్కొక్క సైటునకు 20 మూటలు, మొత్తము 300 అని హద్దులుండెను.

గుర్తుతో పాటు దాని ఆయుర్దాయము కూడ వ్రాయవచ్చును. వ్రాయనిచో బ్రౌజరు మూసిన పిమ్మట అది నశింపవలసినది. వ్రాసినచో ఆ దినమువరకు బ్రతుకును. నేటి క్రోమ్ బ్రౌజరు ఎంత దీర్ఘాయువు కోరినను 400 దినములకు మించి యియ్యదు. భద్రమైన కనెక్షన్‌పైననే పంపవలెననియు, పుటలోని స్క్రిప్టులకు చూపరాదనియు మరికొన్ని షరతులు కాలక్రమమున చేరినవి.

విలువలో నేమి వ్రాయుదురన్నది తరువాతి సొగసు. సంచిలోని చీరల పేర్లు వ్రాసినచో, కొంటెవాడు తన కంప్యూటరులోనే వెల దిద్దుకొని సర్వరునకు పంపగలడు. కావున తెలిసినవారు అందులో అర్థములేని ఒక యాదృచ్ఛికసంఖ్య నుంచి, సంచిని తమ పట్టికలో దాచి, సంఖ్యకును సంచికిని సంబంధము తమయొద్దనే యుంచుకొందురు. ఆ సంఖ్య 128 బిట్లదైనచో, సాధ్యమైన సంఖ్యలు సుమారు 340 తరువాత 36 సున్నలు వ్రాసినన్ని. ఊహించి పట్టుకొనుట అసాధ్యము. మనము సంకేతపదము నొకసారి యిచ్చి లోనికి పోయిన పిమ్మట పుటపుటకు మరల అడుగకపోవుటకు కారణము ఈ సంఖ్యయే. అది యున్నంతవరకు సర్వరు దృష్టిలో ఆ సంఖ్యయే మనము. అందుచేతనే దానిని కాజేసినవాడు సంకేతపదముతో పనిలేకయే మన ఖాతాలో కూర్చుండును. 2010లో ఎరిక్ బట్లర్ అను ఆయన ఫైర్‌షీప్ అను చిన్న సాధనమును వెలువరించి, తాళములేని వైఫైలో ప్రక్కవాని కుకీని ఒక్క నొక్కుతో తీసికొనవచ్చునని లోకమునకు చూపగా, పెద్ద సైటులు తమ పుటలనన్నిటిని గుప్తలిపిలో పంపుటకు త్వరపడినవి. నెట్ సెంటరులో ప్రవేశదరఖాస్తులు నింపు మా విద్యార్థులకు నేను పదేపదే చెప్పు మాట యొకటి: కిటికీ మూయుట చాలదు, లాగౌట్ నొక్కుడు. మూసినంతమాత్రమున సంఖ్య యచ్చటనే మిగిలియుండవచ్చును. లాగౌట్ సవ్యముగా నడచు సైటులో సర్వరు తన పట్టికనుండియే ఆ సంఖ్యను కొట్టివేయును.

ఇక చీర సంగతి. పెట్టినవానికే తిప్పియిచ్చుట యను నియమము దుర్భేద్యమే. కాని పుట యన్నది ఒక్కరు పంపు వస్తువు కాదు. వార్త పత్రికనుండి వచ్చును, ప్రక్కనున్న బొమ్మ మూడవవాడైన ప్రకటనసంస్థనుండి వచ్చును, రెంటిని కూర్చువాడు బ్రౌజరు. ఆ బొమ్మను కోరునపుడు బ్రౌజరు ఏ సైటు పుటకొరకు కోరుచున్నదో కూడ సాధారణముగా తెలుపును, అదివరకా సంస్థ యిచ్చిన కుకీ యున్నచో జతచేయును. అదే సంస్థ చీరల పుటలో ఒకే బిందువంతటి పారదర్శకచిత్రము నొకదానిని, కంటికి కనబడనిదానిని, ముందుగనే నాటియున్నది. ఆమె చీర చూచినపుడు ఆ బిందువుతో ఒక సంఖ్య వచ్చినది. వార్త చదివినపుడు బొమ్మను కోరుచు అదే సంఖ్య తిరిగిపోయినది. సంఖ్య యొకటే గనుక మనిషి యొకతెయే యని సంస్థ యెరిగి చీరను పంపినది. ఏ నియమమును మీరలేదు! ప్రకటనసంస్థ తాను పెట్టిన గుర్తును తానే చదువుకొన్నది. మాంటుల్లి త్రోసివేసిన శాశ్వతసంఖ్య, వేల సైటులలో బిందువులు నాటగలవానికి దొడ్డిదారిన దొరికినది.

ఈ దొడ్డిదారిని మూయవలెనని యొక వాదము నడచినది. నాకిది కుకీ చరిత్రలో అన్నింటికంటె రుచించు ఘట్టము. 1995లో బెల్ ప్రయోగశాలకు చెందిన డేవిడ్ క్రిస్టల్ స్టేట్-ఇన్ఫో యను వేరొక పద్ధతిని ఇంటర్నెట్ ప్రమాణములు నిర్ణయించు ఇంజనీర్ల సభముందు పెట్టెను. కాని అప్పటికే నెట్‌స్కేప్ పద్ధతి లోకమునిండ చలామణి యగుచుండుటచేత, సభ దానినే యాధారముగా గైకొనెను. 1996 ఫిబ్రవరిలో లండను ఫైనాన్షియల్ టైమ్స్ పత్రిక కుకీల గుట్టు బయటపెట్టగా, తమ యంత్రములలో ఇట్టివి దాచబడుచున్నవని యెరుగని జనులు ఉలికిపడిరి. పూర్వపు ప్రత్యర్థులైన క్రిస్టల్, మాంటుల్లి యిరువురును కలిసి సంతకము చేసి 1997 ఫిబ్రవరిలో వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 2109 ప్రమాణము, చదువరి యెరుగని మూడవవాని కుకీలను బ్రౌజరు నిరాకరింపవలెననియు, అనుమతించు మీట యున్నను అది మొదట మూసియే యుండవలెననియు శాసించినది. ప్రకటనసంస్థలు గగ్గోలు పెట్టినవి. నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ లోకమునకు తాము పంచిన బ్రౌజరులలో మీటను తెరచియే యుంచినవి.

సంతకము చేసినవాడే యైనను మీట తెరచియుంచుటను సమర్థించిన మాంటుల్లి వాదము కేవలము స్వార్థమని కొట్టివేయరాదు. కుకీ కంటికి కనబడును, తుడిచివేయవచ్చును. దీనిని నిషేధించినచో ప్రకటనకర్తలు కనబడని మార్గములు వెదకుదురని ఆయన భయము. ఆ భయము పిదప నిజమైనది. తెర కొలత, అక్షరరూపముల జాబితా, యంత్రపు చిల్లర లక్షణములు కలిపి బ్రౌజరును గుర్తించు విద్య నేడు బాగుగనే పెరిగినది. ఐనను నేను క్రిస్టల్ పక్షముననే నిలుచుందును. మీట ఎచ్చట నున్నదో పెక్కుమంది వెదకరని తెలిసియు, దానిని తెరచియుంచి ‘కావలసినవారు మూసికొందురు’ అనుట స్వేచ్ఛ నిచ్చుట కాదు.

తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. ఐరోపా దేశములు 2009 నాటి చట్టసవరణతో చదువరి సమ్మతిని కోరినవి, దానినుండి సైటు తెరచినంతనే పైకి దూకు పెట్టెలు పుట్టినవి. ముందుగనే టిక్కు పెట్టియుంచిన గడి సమ్మతి కాదని 2019లో వారి న్యాయస్థానము తీర్పు చెప్పినది. ఆపిల్ వారి సఫారీ 2017లో బిగింపులు మొదలిడి 2020లో మూడవవాని కుకీలను పూర్తిగా నిలిపివేసినది. గూగుల్ తన క్రోమ్‌లోను రెండేండ్లలో మానిపింతునని 2020లో మాట యిచ్చి, వాయిదాపై వాయిదా వేసి, 2024 జూలైలో మాట వెనుకకు తీసికొన్నది. ప్రకటనలపై బ్రతుకు సంస్థ బ్రౌజరును గూడ చేయుచుండగా ఇంతకంటె నేమి యాశింపగలము? మన దేశమున 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమునకు నియమములు 2025 నవంబరులో వెలువడినవి. ఫైర్‌ఫాక్స్ 2022లో చేసిన పని మాత్రము ఒక్క క్షణము నిలిచి చూడదగినది: అది మూడవవాని కుకీని నిషేధింపదు, ఏ సైటులో నుండగా పెట్టబడినదో ఆ సైటు పేరు గూడ జోడించి దాచును. చీరల పుటలో ఒక సంఖ్య, పత్రికలో వేరొక సంఖ్య. రెండును ప్రకటనసంస్థవే యైనను అవి యిరువురు మనుషులవిగా దోచును.

మన చేతిలోని పనులు కష్టమైనవి కావు. క్రోమ్ సెట్టింగులలో గోప్యతాభద్రతల భాగమున మూడవపక్షపు కుకీలను నిలుపు మీట కలదు. అది నొక్కినను చీరలసంచి, బ్యాంకు ఖాతా, భాష యెంపిక సాధారణముగా చెడవు, ఏలయన అవి ఆయా సైటులు తామే పెట్టుకొన్నవి. ఎక్కడనైన లాగిన్ మొరాయించినచో ఆ సైటునొక్కదానిని మినహాయింపవచ్చును. చిరునామాకు ఎడమనున్న చిన్న గుర్తును నొక్కినచో ఆ సైటు కుకీలను నిర్వహించు దారి కనబడును. అన్నింటిని ఊడ్చివేయుటకంటె అక్కడ అక్కరలేనివి మాత్రము తుడుచుట మేలు, లేనిచో ప్రతిచోట మరల సంకేతపదము వెదకికొనవలసివచ్చును. ఇన్‌కాగ్నిటో కిటికీలన్నియు మూయగానే అందు పుట్టిన కుకీలు పోవును గాని, కనెక్షన్ నిచ్చు సంస్థకు మనము తెరచిన సైటుల పేర్లు మరుగుపడవు. పైకి దూకు పెట్టెలలో ‘అన్నిటికి ఒప్పుకొంటిని’ అనునది పెద్ద రంగుమీటగా, ‘నిరాకరింతును’ అనునది చిన్న బూడిదరంగు పంక్తిగా నుండుట యాదృచ్ఛికము కాదు. ఆ పంక్తిని వెదకి నొక్కవలెను.

ఇవన్నియు చెప్పగా మా విద్యార్థిని తన ఫోనులోని కుకీలన్నియు తుడిచివేసి, మరునాడు వచ్చి, తాను నిరాకరించిన ప్రతి సైటును మరల మొదటినుండి సమ్మతి యడుగుచున్నదని ఫిర్యాదు చేసినది. అడుగక తప్పదు, ఆమె వలదన్న మాటను సైటు వ్రాసిపెట్టుకొన్నదియు ఒక కుకీలోనే.